ప్రకటన లేని కోత: జాబితా నుంచి జారిపోతున్న దివ్యాంగుల పింఛను

హరియాణాలో దివ్యాంగుల పింఛనును తగ్గిస్తున్నామని ఏ ప్రభుత్వమూ ఎన్నడూ ప్రకటించలేదు. పైపెచ్చు ఆ మొత్తం పెరుగుతూనే వచ్చింది. 2021 ఏప్రిల్‌లో నెలకు 2,500 రూపాయలు, 2023 ఏప్రిల్‌లో 2,750, 2024 జనవరి నుంచి 3,000. అయినప్పటికీ ఫరీదాబాద్ సహా రాష్ట్రంలోని జిల్లా కేంద్రాల్లో అధికారులు నిర్వహించే సమాధాన్ శిబిరాలకు వచ్చే అర్జీల్లో ఆగిన పింఛన్లు, తప్పులు దొర్లిన కుటుంబ గుర్తింపు పత్రాలకు సంబంధించినవి ఎప్పుడూ ఉంటాయి. ఒకవైపు పింఛను పెరుగుతోంది, మరోవైపు పింఛను పోయిందన్న మొర వినిపిస్తోంది. ఈ రెండూ ఏకకాలంలో నిజం కావడమే ఈ విషయంలో అసలు చిక్కు.

కోత అనగానే బడ్జెట్ పద్దులో తగ్గిన అంకె గుర్తుకు వస్తుంది. భారతదేశంలో దివ్యాంగుల సహాయానికి పడుతున్న కోత చాలావరకు ఆ రూపంలో కనిపించదు. మొత్తం యథాతథంగా ఉంటుంది, మనిషి పేరు మాత్రం జాబితాలో ఉండదు. వైకల్య శాతం కొన్ని అంకెలు తగ్గిందని, కుటుంబ ఆదాయం రికార్డులో పెరిగిందని, వేలిముద్ర పడలేదని, చివరికి మనిషే మరణించినట్లు నమోదైందని పింఛను నిలిచిపోతుంది. ఒక్కొక్కరికి ఒక్కో కారణంతో, ఒక్కో నెలలో జరిగే ఈ కోతకు శాసనసభలో చర్చ ఉండదు, పత్రికలో శీర్షిక ఉండదు.

ఫరీదాబాద్‌ను ఈ విషయంలో ప్రత్యేకంగా పరిశీలించడానికి కారణాలు ఉన్నాయి. దేశ విభజన తరువాత వాయవ్య సరిహద్దు ప్రాంతం నుంచి వచ్చిన శరణార్థుల కోసం నిర్మించిన పారిశ్రామిక పట్టణం ఇది. ఎన్‌ఐటీ అని నేటికీ పిలుచుకునే ఆ ప్రాంతం చుట్టూ ట్రాక్టర్లు, వాహన విడిభాగాలు, లోహపు పనుల కర్మాగారాలు వెలిశాయి. ఢిల్లీ మెట్రో వయొలెట్ లైను ఇప్పుడు నగరం పొడవునా సాగి బల్లభ్‌గఢ్‌లోని రాజా నాహర్ సింగ్ స్టేషన్ వద్ద ముగుస్తుంది. దానికి ముందు స్టేషన్ పేరు సంత్ సూర్‌దాస్. అంధుడిగా ప్రసిద్ధుడైన ఆ భక్తకవి పుట్టింది పక్కనే ఉన్న సీహీ గ్రామంలోనన్నది స్థానికుల విశ్వాసం. స్టేషన్‌లో లిఫ్టు ఉంది, నేలపై తాకి తెలుసుకునే పలకలు ఉన్నాయి. మెట్లు దిగి రోడ్డు మీదకు వచ్చిన తరువాత చక్రాల కుర్చీతో ఎక్కగల షేర్ ఆటో మాత్రం దొరకదు.

అదే మెట్రో లైను మీద బదర్‌పూర్ వద్ద ఢిల్లీ సరిహద్దు వస్తుంది. ఈ సరిహద్దుకు ఇటు ఒక చట్టం, అటు మరో చట్టం ఏమీ లేవు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమే రెండు చోట్లా అమలులో ఉంది. కానీ ఢిల్లీలో 40 శాతం వైకల్యం ఉన్నవారు ఆదాయ, నివాస షరతులకు లోబడి పింఛనుకు అర్హులు. హరియాణాలో ఆ గీత 60 శాతం వద్ద ఉంది. దానికి తోడు 18 ఏళ్లు నిండాలి, మూడేళ్లుగా రాష్ట్రంలో నివసిస్తూ ఉండాలి, సొంత ఆదాయం నైపుణ్యం లేని కార్మికుడి కనీస వేతనాన్ని మించకూడదు. వైద్య బోర్డు 50 శాతం అని రాసిచ్చిన ధ్రువపత్రం బదర్‌పూర్ అవతల పింఛను పత్రమవుతుంది, ఇవతల అది రైలు రాయితీకో, రిజర్వేషన్ దరఖాస్తుకో పనికివచ్చే కాగితంగా మిగులుతుంది. రెండు ఇళ్ల మధ్య దూరం మూడు నాలుగు కిలోమీటర్లే కావచ్చు.

2011 జనాభా లెక్కల ప్రకారం హరియాణాలో దివ్యాంగులు సుమారు 5.46 లక్షలు. రాష్ట్ర పింఛను అందుకుంటున్నవారు సుమారు 2 లక్షలు. ఈ వ్యత్యాసంలో పిల్లలు, ఉద్యోగులు, సంపన్నులు ఉన్నారనుకున్నా, 40కీ 60కీ మధ్య చిక్కుకున్నవారి సంఖ్య చిన్నది కాదు. రాష్ట్ర మంత్రివర్గం 2024 డిసెంబరులో పింఛను పథకాన్ని మరికొన్ని రకాల వైకల్యాలకు విస్తరించాలని నిర్ణయించింది. 2016 చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో అప్పటిదాకా దాదాపు సగమే పథకంలో ఉండేవి. ఇది స్వాగతించదగ్గ అడుగే. శాతం గీత మాత్రం కదలలేదు.

శాతానికీ బతుకుకూ కుదరని పొత్తు

ఈ నగరంలో వైకల్యం పుట్టుకతోనో, జబ్బుతోనో మాత్రమే రాదు. సరూర్‌పూర్, ముజేసర్, సంజయ్ కాలనీ, సెక్టార్ 24 ప్రాంతాల్లోని చిన్న చిన్న ప్రెస్ షాపుల్లో అది తయారవుతుంది. ఇనుప రేకును అచ్చులో పెట్టి ప్రెస్ యంత్రంతో కొట్టే పనిలో చేయి వెనక్కు తీసుకోవడం ఒక్క క్షణం ఆలస్యమైతే వేళ్లు నలిగిపోతాయి. వాహన విడిభాగాల పరిశ్రమలో గాయపడ్డ కార్మికులపై గురుగ్రామ్ కేంద్రంగా పనిచేసే సేఫ్ ఇన్ ఇండియా ఫౌండేషన్ 2019 నుంచి 'క్రష్డ్' పేరిట నివేదికలు వెలువరిస్తోంది. గాయపడినవారిలో అత్యధికులు ఉత్తరప్రదేశ్, బిహార్ వంటి రాష్ట్రాల నుంచి వలస వచ్చినవారని, ఎక్కువ గాయాలు పవర్ ప్రెస్ యంత్రాల మీదే జరుగుతున్నాయని, ఉద్యోగంలో చేరిన రోజునే ఇవ్వవలసిన ఈఎస్‌ఐ కార్డు చాలామందికి ప్రమాదం జరిగిన తరువాతే చేతికి వస్తోందని ఆ నివేదికలు నమోదు చేశాయి.

వేళ్లు కోల్పోయిన కార్మికుడి విషయంలో ప్రభుత్వ లెక్క ఎలా సాగుతుందో చూడాలి. పరిహార చట్టాల అనుబంధ పట్టిక ప్రకారం ఒక చేతి రెండు వేళ్లు పోతే సంపాదన శక్తిలో 20 శాతం, మూడు వేళ్లు పోతే 30 శాతం, నాలుగు వేళ్లూ పోతే 50 శాతం నష్టం. బొటనవేలు ఒక్కటే పోయినా 30 శాతం. ఈఎస్‌ఐ పరిధిలో ఉన్న కార్మికుడి దినసరి వేతనం 500 రూపాయలనుకుంటే, అందులో 90 శాతానికి, అంటే 450 రూపాయలకు, 30 శాతం చొప్పున రోజుకు 135 రూపాయలు, నెలకు సుమారు 4,050 రూపాయలు జీవితాంతం వస్తాయి. ఇది దయాదాక్షిణ్యం కాదు, చందా కట్టిన బీమా.

ఈఎస్‌ఐ పరిధిలోకి రాని షెడ్డులో అదే గాయమైతే పరిస్థితి వేరు. యజమాని నుంచి ఒక్కసారి పరిహారం రాబట్టుకోవాలి, అదీ కేసు వేస్తే. రాష్ట్ర పింఛను వైపు చూస్తే అక్కడ వైద్య బోర్డు కొలిచే పద్ధతి వేరు. రెండు మూడు వేళ్ల నష్టం ఆ కొలతలో 60 దాకా వెళ్లదు, 40కి చేరడమూ కష్టమే. కాగితం మీద పాక్షిక వైకల్యం, ప్రెస్ షాపులో పూర్తి నిరుద్యోగం. కుడిచేతి మూడు వేళ్లు లేని మనిషిని 30 శాతం తక్కువ జీతానికి పెట్టుకునే యజమాని ఎవరూ ఉండరు, అసలు పెట్టుకోరు. శాతం శరీర భాగాన్ని కొలుస్తుంది. ఆ శరీరంతో ఏ ఊళ్లో, ఏ పని మీద బతకాలో కొలవదు.

సొంత రాష్ట్రానికి తిరిగి వెళ్లినా ఊరట పెద్దగా లేదు. ఉత్తరప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను నెలకు 1,000 రూపాయలు. బిహార్‌లో 2025 జూన్ దాకా 400 రూపాయలే ఉండేది, ఆ తరువాత 1,100కు పెంచారు. ఫరీదాబాద్‌లో గది అద్దె ఈ రెండింటినీ మించిపోతుంది కనుక చాలామంది ఊరికి చేరుకుంటారు. అక్కడ పని ఉండదనే కదా వారు ఇక్కడికి వచ్చింది.

రికార్డులో మారిన మనిషి

హరియాణా ప్రభుత్వం 2020లో పరివార్ పెహచాన్ పత్ర పేరిట కుటుంబ గుర్తింపు పత్రాన్ని పూర్తిస్థాయిలో ముందుకు తెచ్చింది. మరుసటి ఏడాది దానికి చట్టం చేసింది. ప్రతి కుటుంబానికీ ఒక సంఖ్య. అందులో సభ్యుల వయసు, ఆదాయం, వృత్తి, వైకల్యం వంటి వివరాలు ఉంటాయి. పింఛన్లు, రేషను, వైద్య బీమా ఈ సమాచారం ఆధారంగా నడుస్తాయి. దీని ప్రయోజనాన్ని కాదనలేం. అరవై ఏళ్లు నిండిన వారికి దరఖాస్తు లేకుండానే వృద్ధాప్య పింఛను మొదలయ్యే వీలు దీనివల్లే వచ్చింది. దళారుల బెడద తగ్గిందన్న మాటలోనూ నిజం ఉంది.

అయితే దరఖాస్తు లేకుండా పింఛను మొదలుపెట్టగల వ్యవస్థ, నోటీసు లేకుండా దాన్ని ఆపగలదు కూడా. 2022 సెప్టెంబరులో రోహ్‌తక్‌లో 102 ఏళ్ల వృద్ధుడొకరు బాజాభజంత్రీలతో, పెళ్లికొడుకులా రథమెక్కి ఊరేగాల్సి వచ్చింది. రికార్డులో ఆయన మరణించినట్లు నమోదై పింఛను ఆగింది. మీ మామయ్య ఇంకా బతికే ఉన్నాడంటూ హరియాణ్వీలో రాసిన అట్ట పట్టుకొని ఆయన సాగిన ఊరేగింపు దేశమంతటా వార్త అయింది, పింఛను తిరిగి వచ్చింది. నవ్వు తెప్పించిన ఆ దృశ్యం వెనుక ఒక ప్రశ్న ఉంది. రథమెక్కి ఊరేగగల శక్తి ఆయనకు ఉంది. మంచం దిగలేని మనిషి, మాట రాని మనిషి, ఇంటి బయటకు ఒంటరిగా వెళ్లలేని అంధ మహిళ తాము బతికే ఉన్నామని ఎవరికి చూపాలి?

మరణం నమోదైన కేసులు వార్తలకు ఎక్కుతాయి. ఆదాయం తప్పుగా నమోదైన కేసులు ఎక్కవు. దివ్యాంగుడి అన్నకు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికితే, ఆయన ఇంకా అదే కుటుంబ సంఖ్యలో ఉంటే, ఇంటి ఆదాయం రికార్డులో పెరుగుతుంది. సొంత ఆదాయాన్నే చూడాలన్న పింఛను నిబంధనతో దీనికి సంబంధం లేకపోయినా, కుటుంబ ఆదాయంతో ముడిపడిన రేషను, వైద్య బీమా కార్డు ముందుగా కదిలిపోతాయి. ఉమ్మడి కుటుంబంలో ఉండటమే దివ్యాంగుడికి ఉన్న ఏకైక రక్షణ. రికార్డు దృష్టిలో అదే అనర్హత అవుతోంది. దాంతో కుటుంబాలు కాగితం మీద విడిపోతాయి, ఒకే వంటగదిలో రెండు గుర్తింపు సంఖ్యలు ఏర్పడతాయి. తప్పుడు సమాచారాన్ని అరికట్టేందుకు తెచ్చిన వ్యవస్థ ప్రజలను తప్పుడు సమాచారం వైపు నెట్టడం విచిత్రమే.

వేలిముద్రల సంగతి మరొకటి. ప్రెస్ యంత్రం కింద వేళ్లు పోయిన నగరంలో వేలిముద్రతో గుర్తింపు అడగటం ఎంత విడ్డూరమో చెప్పనవసరం లేదు. ఆధార్ ధ్రువీకరణ విఫలమైందన్న కారణంతో అర్హులకు ప్రయోజనాన్ని నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులోనే చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో మరింత ముందుకు వెళ్లి, డిజిటల్ సేవలను అందుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని ప్రకటించింది. కెమెరా ముందు కళ్లు ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు, తెర మీద గీత ఎక్కడుందో కనిపించని అంధులు ఈ-కేవైసీ పూర్తిచేయలేకపోవడం ఆ కేసుకు మూలం. ప్రత్యామ్నాయ మార్గాలు ఉండాలని ధర్మాసనం ఆదేశించింది. తీర్పు ఢిల్లీలో వెలువడింది. పాతిక, ముప్పై కిలోమీటర్ల అవతల డబువా కాలనీలోని ఇంటర్నెట్ సేవా కేంద్రం కుర్రవాడికి ఆ ప్రత్యామ్నాయం ఏమిటో తెలియాలి కదా.

ఆగిన నెల ఖరీదు

3,000 రూపాయలతో ఎవరూ బతకరు. ఈ మాటను పింఛనుకు వ్యతిరేకంగా వాదించేవారూ, పెంచాలని కోరేవారూ ఇద్దరూ అంటారు. నిజానికి ఈ డబ్బు సంసారం నడపడానికి సరిపోదు గానీ, ఇల్లు కుంగిపోకుండా ఆపే ఖర్చులకు సరిపోతుంది. వెన్నెముకకు దెబ్బ తగిలి నడుము కింది భాగం పనిచేయని మనిషి ఇంట్లో ఆ ఖర్చులు మూత్రపు గొట్టాలు, పెద్దల డైపర్లు, పుండ్లకు కట్టే గాజుగుడ్డ, మందులు. క్లినికల్ డైపర్లపై జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. ఆ తగ్గింపు మేలు కొనగలిగిన వారికే.

నెల పింఛను రాలేదంటే మొదట ఆగేది భోజనం కాదు, ఈ సరుకులే. రోజుకు మూడు మార్చాల్సిన డైపరు ఒక్కటే మారుస్తారు. ఒకసారి వాడి పారేయవలసిన గొట్టాన్ని కడిగి మళ్లీ వాడతారు. రెండు వారాల్లో మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్, నెల తిరిగేసరికి నడుము మీద పుండు. అప్పుడు ప్రభుత్వ ఆసుపత్రికి ఆటోలో వెళ్లాలి, మనిషిని ఎత్తి కూర్చోబెట్టేందుకు మరొకరు కూలి మానుకొని రావాలి. ఒక నెల పింఛను మిగిలినందుకు ఆసుపత్రి పడక మీద ప్రభుత్వం పెట్టే ఖర్చు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ రెండు పద్దులూ వేర్వేరు శాఖలవి కావడంతో ఈ లెక్క ఎవరి ఫైలులోనూ కనిపించదు.

ఇంట్లో మనిషి విలువ మారడం అంతకన్నా సూక్ష్మమైన నష్టం. పక్షవాతం వచ్చిన తండ్రి, మానసిక ఎదుగుదల లేని మేనకోడలు, చూపు లేని చిన్నమ్మ నెలనెలా ఇంటికి కొంత డబ్బు తెచ్చే మనుషులుగా ఉన్నంతకాలం వారి మాటకు ఓ చోటు ఉంటుంది. ఖాతా ఖాళీ అయ్యాక పరాయి సంపాదన మీద బతుకుతున్నామన్న స్పృహ వారిని మందు అడగడానికీ వెనుకాడేలా చేస్తుంది. జాతీయ నమూనా సర్వే 2018లో జరిపిన 76వ విడత అధ్యయనంలో 15 ఏళ్లు పైబడిన దివ్యాంగుల్లో పనిచేస్తున్న లేదా పని వెతుకుతున్న వారు 23.8 శాతమే. మిగతావారికి పింఛను ఒక్కటే సొంత ఆదాయం, అదీ వస్తే. ప్రభుత్వం నుంచి ఏదో ఒక సహాయం అందుకున్నవారు 21.8 శాతం, వైకల్య ధ్రువపత్రం ఉన్నవారు 28.8 శాతం అని కూడా ఆ సర్వే తేల్చింది. పింఛన్లలో అనర్హులు చేరిపోయారన్న వాదన జరిగినప్పుడల్లా ఈ చివరి రెండు అంకెలను పక్కన పెట్టుకొని వినడం మంచిది.

ఇక ఈ తిరుగుళ్ల భారం ఎక్కువగా స్త్రీలదే. వైద్య బోర్డు తేదీ కోసం ఒక రోజు, సరళ్ కేంద్రంలో దరఖాస్తుకు ఒక రోజు, బ్యాంకులో ఒక రోజు, మినీ సెక్రటేరియట్‌లో ఎన్ని రోజులో తెలియదు. ఇళ్లలో పనికి వెళ్లే తల్లో, భార్యో ఆ రోజుల కూలి వదులుకుంటుంది. రాష్ట్ర ఖజానాలో మిగిలిన 3,000 కొంతవరకు ఆమె కూలి నుంచే వచ్చిందన్నమాట.

చట్టం చెప్పిన పాతిక శాతం

దివ్యాంగుల హక్కుల చట్టం 2016 డిసెంబరులో ఆమోదం పొంది 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. ఆ కాలంలో కేంద్ర సామాజిక న్యాయ శాఖ సహాయ మంత్రిగా ఉన్నది ఫరీదాబాద్ ఎంపీ కృష్ణపాల్ గుర్జరే. ఆ చట్టంలోని 24వ సెక్షన్ సామాజిక భద్రతకు సంబంధించినది. ఒకే తరహా పథకంలో ఇతరులకు ఇచ్చే మొత్తం కన్నా దివ్యాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని అది స్పష్టంగా చెబుతోంది. వైకల్యంతో బతకడానికి అదనపు ఖర్చు ఉంటుందన్న వాస్తవాన్ని చట్టం గుర్తించిన చోటు ఇదే.

2024 జనవరిలో హరియాణాలో వృద్ధులకూ 3,000, దివ్యాంగులకూ 3,000. చట్టం ప్రకారం లెక్క వేస్తే రెండోది 3,750 కావాలి. తేడా నెలకు 750, ఏడాదికి 9,000 రూపాయలు. 2025 నవంబరులో వృద్ధాప్య పింఛను 3,200కు చేరినప్పుడు చట్టం అడిగే మొత్తం 4,000కు పెరిగింది. ఎవరి పేరూ తొలగించకుండానే, ఏ నోటీసూ ఇవ్వకుండానే రాష్ట్రంలోని ప్రతి దివ్యాంగ పింఛనుదారుకూ ప్రతి నెలా పడుతున్న కోత ఇది. దీనికి రథయాత్ర చేసినవారు లేరు.

కేంద్రం పరిస్థితి ఇంకా దయనీయం. 2009లో మొదలైన ఇందిరాగాంధీ జాతీయ దివ్యాంగుల పింఛను పథకం కింద 80 శాతం వైకల్యం ఉండి దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి కేంద్రం ఇచ్చే వాటా నెలకు 300 రూపాయలు. 2012లో 200 నుంచి 300కు పెంచాక ఆ అంకె కదలలేదు. 2012ను 100గా తీసుకున్న వినియోగదారుల ధరల సూచీ 2025 నాటికి 190 దాటింది. అంటే ఆనాటి 300 ఈనాడు కొనగలిగేది దాదాపు సగమే. పార్లమెంటు గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘం ఈ మొత్తాన్ని పెంచాలని పదేపదే సిఫారసు చేసింది. పెంచకపోవడం కూడా కోతే, కాకపోతే దానికి ఎవరూ సంతకం పెట్టనవసరం లేదు.

తెలుగు రాష్ట్రాల అనుభవం

మొత్తం విషయంలో తెలుగు రాష్ట్రాలు చాలా ముందున్నాయి. తెలంగాణలో వృద్ధులకు 2,016 ఉండగా దివ్యాంగులకు 2023 నుంచి 4,016. దాన్ని 6,000 చేస్తామన్న 2023 ఎన్నికల హామీ మాత్రం రెండేళ్లు గడిచినా హామీగానే మిగిలింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై 1 నుంచి దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000కు, పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి 5,000 నుంచి 15,000కు పెరిగింది. అర్హతకు 40 శాతం వైకల్యం చాలు. దేశంలో ఇంత మొత్తం ఇస్తున్న రాష్ట్రం మరొకటి లేదన్నది ప్రభుత్వం చెప్పుకునే మాట, అందులో అతిశయోక్తి పెద్దగా లేదు.

మొత్తం పెరిగిన వెనుకే తనిఖీ వచ్చింది. 2025 జనవరి నుంచి వైద్య బృందాలు సుమారు 8 లక్షల దివ్యాంగ, ఆరోగ్య పింఛన్లను తిరిగి పరిశీలించడం మొదలుపెట్టాయి. మంచం మీద ఉన్నవారిని ఇళ్ల వద్ద, మిగతావారిని ఆసుపత్రులకు పిలిచి పరీక్షించారు. నకిలీ సదరం ధ్రువపత్రాలు ఉన్నాయన్నది ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి తనిఖీని తప్పు పట్టినవారు తక్కువ. ఆగస్టులో లక్షకు పైగా మందికి వైకల్యం 40 శాతానికి తక్కువగా ఉందంటూ నోటీసులు వెళ్లాయి. అప్పుడు కలెక్టరేట్ల ముందు చక్రాల కుర్చీలు, ఊతకర్రలు బారులు తీరాయి. ఏళ్ల కిందట శాశ్వత వైకల్యమని రాసిచ్చిన ప్రభుత్వ వైద్యుడి సంతకాన్ని మరో ప్రభుత్వ వైద్యుడి సంతకం కొట్టివేసింది. పోలియో కాలు పదిహేనేళ్లలో బాగుపడదు. మారింది కాలు కాదు, కొలిచిన తీరు.

అయితే ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన మరో విషయాన్ని ఫరీదాబాద్‌తో పోల్చి చూడాలి. అక్కడ నోటీసు ఇచ్చారు. అప్పీలుకు 30 రోజుల గడువు, ఎంపీడీవో లేదా మున్సిపల్ కమిషనర్ అనే చిరునామా ఉన్నాయి. అరవై ఏళ్లు దాటినవారిని వృద్ధాప్య పింఛనుకు మార్చే వీలు కల్పించారు. నిరసనలు పెరిగాక, అప్పీలు చేసుకున్నవారికి సెప్టెంబరు పింఛను యథాతథంగా ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. లక్ష మందికి ఒకే నెలలో కాగితం అందడంతో అది రాజకీయ సమస్య అయింది, శాసనకర్తలు సమాధానం చెప్పవలసి వచ్చింది. హరియాణాలో రికార్డు ఒక్కో కుటుంబానికి విడివిడిగా మారుతుంది కనుక బాధితులకు ఒకరి గురించి మరొకరికి తెలియదు.

బ్రిటన్‌లో 2025లో జరిగినదీ ఇలాంటిదే. దివ్యాంగుల వ్యక్తిగత భత్యానికి అర్హతను కఠినం చేసి ఏటా సుమారు 500 కోట్ల పౌండ్లు ఆదా చేయాలని అక్కడి లేబర్ ప్రభుత్వం మార్చిలో ప్రతిపాదించింది. అది పార్లమెంటు ముందుకు బిల్లుగా రావలసి ఉండటంతో సొంత ఎంపీలే తిరగబడ్డారు. జులై 1న ఓటింగ్‌కు ముందు ప్రభుత్వం ఆ భాగాన్ని వెనక్కు తీసుకుంది. కొత్తగా దరఖాస్తు చేసే వారికి ఆరోగ్య భత్యాన్ని సగానికి తగ్గించే నిబంధన మాత్రం నిలిచింది. కంటికి కనిపించిన కోత మీద పోరాడగలిగారు, భవిష్యత్తులో వచ్చేవారి మీద పడే కోత మీద పోరాడేందుకు ఆ మనుషులు ఇంకా అక్కడ లేరు.

కేంద్రం 2024 అక్టోబరులో దివ్యాంగుల హక్కుల నిబంధనలను సవరించింది. విశిష్ట గుర్తింపు కార్డులను వైకల్య శాతాన్ని బట్టి తెలుపు, పసుపు, నీలం రంగుల్లో ఇస్తారు. కార్డు జారీకి గడువును నెల నుంచి మూడు నెలలకు పెంచారు. రెండేళ్లకు పైగా అపరిష్కృతంగా ఉన్న దరఖాస్తు దానంతటదే రద్దవుతుంది. జాప్యం ఆసుపత్రిదైనా మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోవలసింది దివ్యాంగుడే. పింఛను, ఉపకరణాలు, రాయితీలు క్రమంగా ఈ కార్డుతో ముడిపడుతున్న వేళ ఆ నిబంధన బరువు చిన్నది కాదు.

హరియాణాలో ఇందులో కొంత మార్చడానికి కొత్త చట్టం అక్కరలేదు. పింఛను ఆపే ముందు ఇంటికి లిఖితపూర్వక నోటీసు, అందులో కారణం. అప్పీలు తేలేదాకా చెల్లింపు కొనసాగింపు. నడవలేని వారి వద్దకు పరిశీలకుడే వెళ్లడం. వీటిలో మొదటి రెండూ ఆంధ్రప్రదేశ్‌లో నిరసనల ఒత్తిడి మధ్య జరిగాయి, మూడోది మంచాన పడ్డవారి విషయంలో తనిఖీ మొదటి రోజు నుంచే జరిగింది. పింఛను గీతను 60 నుంచి 40కి దించడానికి డబ్బు కావాలి, అది బడ్జెట్ నిర్ణయం. నోటీసు పంపడానికి తపాలా ఖర్చు చాలు. కుటుంబ గుర్తింపు పత్రంలో ప్రతి ఇంటి చిరునామా, ఫోను నంబరు ఇప్పటికే ఉన్నాయి.